గొంతు జబ్బులు: ధ్వని కొలతల హద్దులు
(స్మారకోపన్యాస పాఠం)

గొంతు బొంగురుపోయిన రోగి మైకు ముందు కూర్చుని 'ఆ' అని మూడు నాలుగు సెకన్లు సాగదీస్తే చాలు, కంప్యూటర్ తెర మీద ముప్ఫైకి పైగా అంకెలు బారులు తీరతాయి. సగటు పౌనఃపున్యం, జిట్టర్ శాతం, షిమ్మర్ శాతం, రొద నిష్పత్తి, వణుకు సూచిక... ఒక్కొక్కదాని పక్కన మామూలు గొంతుకు ఉండాల్సిన హద్దు, హద్దు దాటినవాటికి ఎర్రరంగు. చూడటానికి రక్తపరీక్ష కాగితంలాగే ఉంటుంది. కానీ రక్తపరీక్షలో చక్కెర కొలిచినప్పుడు కొలిచేది రక్తంలో ఉన్న చక్కెరనే. గొంతు పరీక్షలో కొలిచేది స్వరతంత్రులను కాదు, వాటి మీద లేచిన కాయనో కణితినో కాదు. నోటి నుంచి బయటికి వచ్చి, గది గాలిలో కొంత దూరం నడిచి, మైకు పొరను తాకిన తరంగాన్ని. ఆ తరంగానికీ జబ్బుకూ మధ్య ఉన్న దూరమే ధ్వని కొలతల పరిమితులన్నింటికీ మూలం.

స్వరపేటికలో ఎదురెదురుగా ఉండే రెండు స్వరతంత్రులు ఊపిరి ఒత్తిడికి విడిపోయి, తమ సాగుడు గుణం వల్లా గాలి పోకడ వల్లా మళ్ళీ కలుసుకుంటాయి. ఈ వివరణకు 1958లో వాన్ డెన్ బర్గ్ శాస్త్రరూపం ఇచ్చాడు. మగవాళ్ళలో ఈ కలయిక సెకనుకు 100 నుంచి 130 సార్లు, ఆడవాళ్ళలో దాదాపు 200 సార్లు, చిన్నపిల్లల్లో అంతకన్నా ఎక్కువగా జరుగుతుంది. అక్కడ పుట్టిన సవ్వడి గొంతు, నోరు, ముక్కు దారుల్లో వడపోతకు గురై, కొన్ని అంశాలు బలపడి కొన్ని సన్నగిల్లి బయటికి వస్తుంది. ఈ 'మూలం–వడపోత' సిద్ధాంతాన్ని స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ ఫాంట్ 1960లో గణితబద్ధం చేశాడు. అంటే మైకుకు అందేది వడపోత అయిపోయిన సరుకు. దాన్నుంచి వెనక్కి నడిచి స్వరతంత్రుల కదలికను ఊహించాలి. ఆరోగ్యవంతుడి విషయంలో ఈ ఊహ చాలావరకు నిలబడుతుంది. జబ్బుపడ్డ గొంతులో తడబడుతుంది.

గొంతును చూసి తెలుసుకునే దారి, విని తెలుసుకునే దారి వేర్వేరుగా పెరిగాయి. సంగీత గురువు మాన్యుయెల్ గార్సియా 1854లో చిన్న అద్దంతో తన స్వరపేటికను తానే చూసుకున్నాడు. 1878లో ఓర్టెల్ మినుకుమినుకుమనే వెలుగుతో స్వరతంత్రుల కదలికను నెమ్మదిగా కనిపించేట్టు చేశాడు. నేటి స్ట్రోబోస్కోపీ దాని వారసురాలే. ధ్వని వైపు చూస్తే, 1940లలో బెల్ ప్రయోగశాలలో తయారైన స్పెక్ట్రోగ్రాఫ్ శబ్దాన్ని కాగితం మీద బొమ్మగా నిలిపింది. 1967లో యనగిహారా ఆ బొమ్మల్లో రొద ఎంత అలుముకుందో చూసి బొంగురుతనాన్ని నాలుగు తరగతులుగా విడదీశాడు. ఆ తరగతులు నిర్ణయించింది కన్నే, అంకె కాదు. అంకెల దారి అంతకుముందే 1960ల మొదట్లో ఫిలిప్ లీబర్‌మన్ తెరిచాడు. స్వరతంత్రుల వరుస చక్రాల నిడివి సూక్ష్మంగా మారుతుందని, జబ్బు గొంతుల్లో ఆ మార్పు ఎక్కువని ఆయన చూపించాడు. కంప్యూటర్ చవకయ్యాక ఆ లెక్క యంత్రానికి చేరింది. కే ఎలిమెట్రిక్స్ సంస్థ వారి ఎండీవీపీ, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్‌మా, డేవిడ్ వీనింక్ 1990లలో మొదలుపెట్టి ఉచితంగా ఇచ్చిన ప్రాట్, ఈ రెండూ వాక్‌చికిత్స గదుల్లో ఎక్కువగా కనిపించే పనిముట్లు.

జిట్టర్ అంటే వరుస చక్రాల నిడివిలో తేడా. షిమ్మర్ అంటే వాటి ఎత్తులో తేడా. రెంటినీ సగటులో శాతంగా చెబుతారు. ఈ తేడాలు ఎంత చిన్నవో ఒకసారి లెక్కేస్తే కొలత ఎంత సున్నితమైనదో అర్థమవుతుంది. 200 హెర్ట్జ్ గొంతులో ఒక చక్రం 5 మిల్లీసెకన్లు. అందులో 1 శాతం జిట్టర్ అంటే 50 మైక్రోసెకన్లు. సీడీ నాణ్యతతో, అంటే సెకనుకు 44,100 నమూనాల చొప్పున రికార్డు చేస్తే, ఒక నమూనాకూ మరోదానికీ మధ్య ఎడం దాదాపు 23 మైక్రోసెకన్లు. కాబట్టి మామూలు గొంతుకూ జబ్బు గొంతుకూ మధ్య గీత గీసే తేడా దాదాపు రెండు నమూనాల వెడల్పే. నమూనాల మధ్య తరంగం ఎలా నడిచిందో గణితంతో అంచనా వేస్తే తప్ప ఇంత సన్నని తేడా దొరకదు. ఆ అంచనా పద్ధతి ఒక్కో సాఫ్ట్‌వేరులో ఒక్కో రకం.

సున్నితత్వం ఒక్కటే అయితే మెరుగైన పరికరంతో సరిపోయేది. అసలు చిక్కు మరొకటి. ఈ కొలతలన్నీ 'చక్రం' అనేది ఒకటి ఉందని ముందే ఒప్పుకుని మొదలవుతాయి. జబ్బు గొంతులో ఆ చక్రమే తేలదు. ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. ఒక గొంతులో వరుస చక్రాలు 4.8, 5.2, 4.8, 5.2 మిల్లీసెకన్లుగా ఒకటి విడిచి ఒకటి మారుతున్నాయనుకుందాం. స్వరతంత్రుల్లో ఒకదాని బరువో బిగువో మారినప్పుడు ఇలాంటి 'జోడు చక్రం' తరచుగా పుడుతుంది. చెవికి అది గరగరమనే గొంతుగా వినిపిస్తుంది. సాఫ్ట్‌వేరు ప్రతి శిఖరాన్నీ ఒక చక్రంగా లెక్కిస్తే సగటు 5 మిల్లీసెకన్లు, వరుస తేడా 0.4 మిల్లీసెకన్లు, జిట్టర్ 8 శాతం. రోగికి తీవ్రమైన దోషం ఉన్నట్టు. అదే సాఫ్ట్‌వేరు రెండు శిఖరాలను కలిపి ఒకే చక్రమనుకుంటే, ప్రతి చక్రం కచ్చితంగా 10 మిల్లీసెకన్లు, పౌనఃపున్యం 100 హెర్ట్జ్, జిట్టర్ సున్నా. ఇంతటి నిలకడైన గొంతు భూమ్మీద లేనట్టు. రికార్డింగు ఒక్కటే, రోగి ఒక్కడే. పౌనఃపున్యం వెతికే అడుగు హద్దును కాస్త పైకో కిందికో జరిపితే చాలు, జవాబు ఒక కొస నుంచి మరో కొసకు దూకుతుంది. ఈ రెండు జవాబుల్లో ఏదీ తప్పు లెక్క కాదు. ప్రశ్నే ఆ గొంతుకు పనికిరాదు.

ఈ ఇబ్బందిని తీర్చడానికే 1994లో అమెరికాలోని డెన్వర్‌లో పరిశోధకులు సమావేశమయ్యారు. ఆ చర్చల సారాన్ని ఇంగో టిట్జె 1995లో ప్రకటించాడు. దాని ప్రకారం స్వర సంకేతాలు మూడు రకాలు. మొదటి రకం దాదాపు క్రమంగా తిరిగే చక్రాలున్నది. రెండో రకంలో జోడు చక్రాలు, ఉపస్వరాలు, ఉన్నట్టుండి ఒక తీరు నుంచి మరో తీరుకు మారడం ఉంటాయి. మూడో రకంలో చక్రమన్నదే కనిపించదు. జిట్టర్, షిమ్మర్ వంటివి మొదటి రకానికే వాడాలి. రెండో రకానికి స్పెక్ట్రోగ్రామ్ వంటి బొమ్మలు. మూడో రకానికి చెవి తీర్పు. జిట్టర్ దాదాపు 5 శాతం దాటిందంటే ఆ అంకెను నమ్మకూడదని కూడా ఆ ప్రకటన చెప్పింది. తర్వాత మరికొందరు మూడో రకాన్ని చీల్చి, పూర్తిగా గాలి రొదలో మునిగిన గొంతులను నాలుగో రకంగా విడదీశారు.

ఈ వర్గీకరణ సారం పచ్చిగా చెప్పుకోవాలంటే: గొంతు ఎంత పాడైతే కొలత అంత పనికిరాకుండా పోతుంది. స్వల్ప దోషం ఉన్న గొంతుకు అంకె నమ్మదగ్గది, కానీ అక్కడ దాని అవసరం తక్కువ. తీవ్ర దోషం ఉన్న గొంతుకు అవసరం ఎక్కువ, కానీ అక్కడ అంకె గాలిమాట. వైద్యంలో చాలా కొలతలు జబ్బు ముదిరేకొద్దీ స్పష్టపడతాయి. ఇది దానికి తలకిందులు. అయినా సాఫ్ట్‌వేరు సాధారణంగా 'ఈ గొంతును కొలవలేను' అని గట్టిగా చెప్పదు. మూడో రకం సంకేతానికి కూడా తరచుగా నాలుగు దశాంశ స్థానాలతో ఒక అంకె ఇస్తుంది. ఆ నాలుగు స్థానాలు చేసే హాని తక్కువేమీ కాదు.

హద్దుల సంగతీ అంతే. ఎండీవీపీలో జిట్టర్‌కు 1.04 శాతం, షిమ్మర్‌కు 3.81 శాతం అనే గీతలు దశాబ్దాలుగా తిరుగుతున్నాయి. ఎండీవీపీ తరంగ శిఖరాలను ఏరుకుని చక్రాలు లెక్కిస్తుంది. ప్రాట్ పక్కపక్క చక్రాల ఆకారాలను ఒకదానితో ఒకటి పోల్చి జత కుదురుస్తుంది. కాస్త రొద చేరినా శిఖరం అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి మొదటి పద్ధతి జిట్టర్‌ను పెంచి చూపుతుంది. 1.04 అనే గీత రొద కలిసిన కొలతల మీద గీసింది గనుక అసలు గీత ఇంకా కింద ఉండవచ్చని ప్రాట్ సూచనల పుస్తకమే హెచ్చరిస్తుంది. అయినా ప్రాట్‌తో కొలిచి ఎండీవీపీ గీతతో పోల్చే నివేదికలు విరివిగానే వస్తాయి. ఒక సాఫ్ట్‌వేరులో పుట్టిన హద్దుకు మరో సాఫ్ట్‌వేరులో విలువ లేదు.

రొద నిష్పత్తిది ఇంకో రకం గందరగోళం. స్వరంలో క్రమంగా తిరిగే భాగానికీ రొదకూ మధ్య నిష్పత్తిని 1982లో యుమోటో, గూల్డ్, బేర్ ప్రతిపాదించారు. స్వరతంత్రులు పూర్తిగా మూసుకోకపోతే వాటి మధ్య సందైన కంఠబిలం గుండా గాలి లీకై సుడులు తిరుగుతుంది, ఆ సుయ్యిమనే రొదను ఈ నిష్పత్తి పట్టుకుంటుందని ఆశ. అయితే ఆ లెక్కకు క్రమం తప్పినదంతా రొదే. గాలి ఏమాత్రం లీకవని గొంతులో చక్రాల నిడివి ఊగిసలాడినా నిష్పత్తి పడిపోతుంది. అటు, గాలి లీకు మాత్రమే ఉన్న గొంతులో శిఖరాలు చెదిరి జిట్టర్ పెరుగుతుంది. జేమ్స్ హిలెన్‌బ్రాండ్ 1987లో కృత్రిమంగా తయారుచేసిన స్వరాల్లో ఒక్కో దోషాన్నీ విడివిడిగా కలిపి చూశాడు. జిట్టర్ ఒక్కటే కలిపినా, షిమ్మర్ ఒక్కటే కలిపినా, రొద ఒక్కటే కలిపినా మిగతా కొలతలు కూడా కదిలాయి. మూడు పేర్లతో మూడు గుణాలు కొలుస్తున్నామనుకున్నది నిజానికి ఒకే అక్రమాన్ని మూడు కిటికీల్లోంచి చూడటం.

రోగి పలికే తీరు మారినా అంకె మారుతుంది. అన్నింటికన్నా బలమైన ప్రభావం గొంతు పెంచడానిది. స్వరతంత్రులు గట్టిగా తగిలినప్పుడు కదలిక నిలకడపడుతుంది. జిట్టర్, షిమ్మర్ రెండూ తగ్గుతాయి. ఆరోగ్యవంతుల్లోనే మెల్లగా, మామూలుగా, గట్టిగా పలికించి చూసినప్పుడు ఈ తేడా ఎంత పెద్దదో 2008లో బ్రాక్‌మన్ బృందం చూపింది. అందులో ఒక చిన్న వల ఉంది. చికిత్సకు ముందు బెరుకుగా, సన్నగా 'ఆ' అన్న రోగి, నెల రోజుల తర్వాత చనువు పెరిగి గట్టిగా 'ఆ' అంటాడు. జిట్టర్ సగానికి పడుతుంది. స్వరతంత్రుల్లో ఏ మార్పూ లేకపోయినా నివేదికలో చికిత్స ఫలించినట్టే ఉంటుంది. 'ఆ' బదులు 'ఈ' పలికించినా, శ్రుతి కాస్త పెంచినా ఇదే వరస. వయసు కూడా లెక్కలోకి వస్తుంది: ముసలితనంలో మగ గొంతు శ్రుతి పెరగడం, రుతుక్రమం ఆగిన తర్వాత ఆడ గొంతు శ్రుతి దిగడం మామూలు విషయాలు. పాతికేళ్ళవాళ్ళ సగటు పక్కన డెబ్భై ఏళ్ళ మనిషిని నిలబెడితే వయసే జబ్బుగా తేలుతుంది.

రికార్డు చేసే గది గురించి పాఠ్యపుస్తకాలు ఒక పేరాతో సరిపెడతాయి; వాస్తవంలో చాలా తప్పులు అక్కడే పుడతాయి. స్వరానికీ చుట్టుపక్కల రొదకూ మధ్య కనీసం 42 డెసిబెల్ తేడా ఉండటం మేలని డెలియ్‌స్కీ బృందం 2005లో సూచించింది. సీలింగ్ ఫ్యాను తిరుగుతూ, బయట వరండాలో టోకెన్ నంబర్లు పిలుస్తున్న ఆసుపత్రి గదిలో ఆ తేడా దొరకడం కష్టం. పైగా మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది. తీగల్లోంచి మైకులోకి దూరే గుయ్‌మనే హమ్ 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 100 హెర్ట్జ్ అంటే మగ గొంతు శ్రుతికి పక్కిల్లే. ఎర్తింగు సరిగా లేని ప్లగ్గు నుంచి వచ్చిన హమ్, రోగి స్వరంతో కలిసి విస్పందనాలు పుట్టించి షిమ్మర్‌ను పెంచుతుంది. మైకును నోటి నుంచి రెట్టింపు దూరం జరిపితే స్వరం 6 డెసిబెల్ తగ్గుతుంది, గది రొద మాత్రం ఉన్నచోటే ఉంటుంది. తలకు తగిలించే మైకు, నోటికి 4 నుంచి 10 సెంటీమీటర్ల ఎడంలో, ఊపిరి నేరుగా తగలకుండా పక్కకు ఉండాలన్న నియమం ఇందుకే. మైకును ధ్వనిమాపకంతో సరిచూడకపోతే తెర మీద కనిపించే డెసిబెల్‌కు నిజమైన గొంతు బలంతో సంబంధం ఉండదు.

ఫోను ద్వారా చేసే చికిత్స పెరిగాక ఈ సమస్య రూపం మార్చుకుంది. పాతకాలపు టెలిఫోను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే ధ్వనిని పంపేది. అంటే గొంతు అసలు శ్రుతి తీగ దాటేదే కాదు, పై స్వరాల ఆధారంగా చెవి దాన్ని ఊహించుకునేది. నేటి వీడియో కాల్స్‌లో పట్టీ వెడల్పు పెరిగింది కానీ రొదను తుడిచే ఉపాయాలు చేరాయి. వాటి దృష్టిలో ఫ్యాను చప్పుడూ, మూసుకోని కంఠబిలం నుంచి లీకైన గాలి చప్పుడూ ఒకే కోవకు చెందుతాయి. జబ్బు గుర్తునే మరకనుకుని తుడిచేయగలవు.

'ఆ' అనే ఒక్క అచ్చును పట్టుకుని మొత్తం గొంతుకు తీర్పు చెప్పడం మరో పెద్ద లోటు. అచ్చును సాగదీయడం ఎవరూ రోజువారీ చేసే పని కాదు. స్పాస్మోడిక్ డిస్ఫోనియా అనే నాడీ సంబంధమైన జబ్బులో సాగదీసిన అచ్చు మాట కన్నా మెరుగ్గా రావచ్చు. మాట్లాడేటప్పుడు మాత్రం ఎవరో గొంతు పట్టుకున్నట్టు మధ్యమధ్య తెగిపోతుంది. ఆ తెగడం కూడా మాటలో ఏ అక్షరాలున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. "మా మామయ్య ఎడ్లబండి మీద ఊరు వెళ్ళాడు" అన్న వాక్యంలో అన్నీ నాదాక్షరాలే. మొదటి నుంచి చివరి దాకా స్వరతంత్రులు కదులుతూనే ఉండాలి. స్వరతంత్రులు బిగుసుకుపోయే రకం రోగి ఇక్కడే చిక్కుకుంటాడు. "పక్కింటి చిట్టి తట్ట ఎత్తుకు పోతోంది" అన్నప్పుడు శ్వాసాక్షరాల దగ్గర స్వరతంత్రులు పదేపదే విడిపోయి కలవాలి. అవి విడిపోయి వెంటనే కలవలేని రకం రోగికి ఇది గండం. ఒకే భాషలో రెండు వాక్యాలు ఒకే జబ్బులోని రెండు రకాలను విడదీస్తుంటే, సాగదీసిన 'ఆ' రెంటినీ దాచేస్తుంది.

గాయకుల విషయంలో ఈ లోటు మరీ బయటపడుతుంది. పద్యనాటకంలో రాగం ఎత్తుకుని పై షడ్జంలో నిలబడాల్సిన నటుడికి ఆ ఎత్తులోనే గొంతు జీర వస్తుంది. మామూలు శ్రుతిలో 'ఆ' అంటే యంత్రానికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. మరో వైపు, కర్ణాటక సంగీతంలో పెరిగిన గొంతుకు స్వరాన్ని ఊపకుండా పట్టడం కన్నా గమకంతో పట్టడమే సహజం. ఆ ఊపును 'శ్రుతి అస్థిరత'గా నమోదు చేయడం యంత్రానికి సహజం. మధ్య ఆసియాలోని తువా ప్రజల కార్గిరా గానంలో గాయకులు అసలు స్వరతంత్రుల పైన ఉండే కపట స్వరతంత్రులను కూడా కదిలించి, అసలు శ్రుతికి సగంలో మరో గంభీర స్వరాన్ని తెప్పిస్తారు. అది ఏళ్ళ సాధన. రెండో రకం సంకేతమని కొలత దాన్ని రోగుల పక్కన కూర్చోబెడుతుంది.

చక్రాలు గుర్తించాల్సిన అవసరమే లేని కొలత కోసం వెతికినవాళ్ళు సెప్‌స్ట్రమ్ దగ్గర ఆగారు. 1963లో బోగర్ట్, హీలీ, ట్యూకీ భూకంప తరంగాల ప్రతిధ్వనుల కోసం రూపొందించిన గణితం ఇది. స్పెక్ట్రమ్‌లో హార్మోనిక్స్, అంటే శ్రుతికి గుణిజాలైన పై స్వరాలు, ఎంత క్రమమైన ఎడంతో నిలబడ్డాయో సెప్‌స్ట్రమ్‌లో ఒక శిఖరంగా కనిపిస్తుంది; ఆ శిఖరం చుట్టుపక్కల నేల కంటే ఎంత ఎత్తున లేచిందో కొలిచే పద్ధతిని హిలెన్‌బ్రాండ్ బృందం 1994లో ప్రతిపాదించింది. సీపీపీ అనే ఈ కొలత మాట్లాడే వాక్యాలకూ పనికొస్తుంది, తీవ్ర దోషంలోనూ కుప్పకూలదు, చెవి తీర్పుతో బాగా సరిపోతుంది. అమెరికా వాక్–శ్రవణ సంఘం 2018లో ప్రకటించిన పరీక్షా విధానంలో స్వర నాణ్యత కొలతగా జిట్టర్, షిమ్మర్లను పక్కనపెట్టి సీపీపీకి చోటివ్వడం న్యాయమే. కానీ ఇదీ గొంతు బలంతో పాటు పెరుగుతుంది, అచ్చుతో పాటు మారుతుంది, సాఫ్ట్‌వేరు మారితే మరో సంఖ్య ఇస్తుంది. అంతకన్నా ముఖ్యం: గాలి గొంతూ గరగర గొంతూ రెండూ శిఖరాన్ని దించుతాయి గనుక ఏది ఏదో సీపీపీ ఒక్కటే చెప్పలేదు. పళ్ళ బిగువున ఒత్తి మాట్లాడే గొంతులో స్వరతంత్రులు గట్టిగా తగులుతాయి కాబట్టి శిఖరం నిటారుగానే ఉంటుంది. రోగి బాధ మాత్రం బాధగానే ఉంటుంది.

ఒక్క కొలత చాలదని నాలుగైదు కొలతలు కలిపి ఒకే సూచిక చేసే ప్రయత్నాలూ జరిగాయి. 2000లో వుయిట్స్ బృందం రూపొందించిన డిస్ఫోనియా తీవ్రతా సూచికలో ఒక్క ఊపిరిలో పలికే గరిష్ఠ కాలానికి 0.13, అందుకోగల అత్యధిక పౌనఃపున్యానికి 0.0053, అతి మెల్లని స్వరం డెసిబెల్‌కు మైనస్ 0.26, జిట్టర్‌కు మైనస్ 1.18 గుణకాలు, చివర 12.4 కలుపుతారు. మంచి గొంతుకు ప్లస్ 5, బాగా చెడిన గొంతుకు మైనస్ 5 చుట్టూ వస్తుంది. ఈ గుణకాలను దగ్గరగా చూస్తే, ఊపిరి సాధనతో మరో పది సెకన్లు ఎక్కువ పలికినవాడికి 1.3 అదనంగా వస్తుంది. అది 1.1 శాతం జిట్టర్ పెరుగుదలను పూర్తిగా కప్పేస్తుంది. మంత్రపఠనంతో బలపడిన పురోహితుడి ఊపిరి ఆయన స్వరతంత్రుల దోషాన్ని దాచేయడానికి వీలుందన్నమాట. పైగా రెండో, మూడో రకం సంకేతంలో జిట్టర్‌కు అర్థం లేదని తెలిసీ దాన్నే సూచిక లోపల పెట్టారు.

బెల్జియంలో మరిన్ బృందం 2010లో తెచ్చిన ఏవీక్యూఐ సూచిక, సాగదీసిన అచ్చునూ చదివిన పాఠాన్నీ అతికించి ఆరు కొలతలు కలుపుతుంది. డచ్ భాషలో మామూలు గొంతుకూ దోషానికీ మధ్య గీత 2.95 దగ్గర పడింది. భాష మారినప్పుడు, పాఠం నిడివి మారినప్పుడు ఆ గీత జరిగింది. ఇందులో వింత లేదు. డచ్ మాటలు చాలావరకు హల్లుతో, అదీ తరచుగా శ్వాస హల్లుతో ముగుస్తాయి. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉంటుంది, అక్కడ స్వరతంత్రులు కదులుతుంటాయి. దీర్ఘాలకూ హ్రస్వాలకూ నిడివి తేడా ఉంది. రెండు భాషల్లో ఒకే నిడివి పాఠం చదివించినా యంత్రానికి అందే నాదభాగం ఒకటి కాదు. కాబట్టి యూరపులో గీసిన గీతను కర్నూలు టీచరుకో కరీంనగర్ కండక్టరుకో అంటించడం కుదరదు. తెలుగు పాఠంతో, తెలుగువాళ్ళ గొంతులతో, వయసు వారీగా గీసుకోవాల్సిందే.

ఇన్ని కొలతలకూ పరీక్ష పెట్టేది చివరికి చెవే. జపాన్‌లో రూపొంది, 1981లో హిరానో పుస్తకంతో ప్రపంచానికి పరిచయమైన గ్రబాస్ పద్ధతిలో మొత్తం దోషం, గరగర, గాలి, నీరసం, ఒత్తిడి అనే అయిదింటికి 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. అమెరికాలో 2002 సమావేశం నుంచి పుట్టిన కేప్-వి పద్ధతిలో 100 మిల్లీమీటర్ల గీత మీద గుర్తు పెడతారు. ఇక్కడో చిత్రమైన వలయం ఉంది. చెవి నమ్మదగ్గది కాదని యంత్రాన్ని తెచ్చారు. యంత్రం సరిగ్గా కొలుస్తోందా అని చూడటానికి చెవినే ప్రమాణం చేశారు. జోడీ క్రైమన్, బ్రూస్ గెరట్ 1990లలో జరిపిన పరిశోధనలు చూపినట్టు, బాగా మంచి గొంతు, బాగా చెడ్డ గొంతు అన్న చోట వినేవాళ్ళు ఏకీభవిస్తారు. మధ్యలో ఉన్న గొంతుల దగ్గర చీలిపోతారు. సందేహం ఉండేది ఆ మధ్య గొంతుల దగ్గరే. ప్రమాణమే ఊగుతున్నచోట దానితో కుదిరిన సహసంబంధ గుణకం ఎంత గొప్పగా కనిపించినా జాగ్రత్తగా చదవాలి.

అంకె నుంచి జబ్బు పేరుకు దారి లేదు. స్వరతంత్రుల మీద కాయలు, పాలిప్, సిస్టు, ఒకవైపు పక్షవాతం వేర్వేరు జబ్బులు. వాటి చికిత్సలు వేర్వేరు. వీటన్నింటిలోనూ మూసివేత చెడవచ్చు, కదలిక క్రమం తప్పవచ్చు, జిట్టర్ పెరగవచ్చు. ఒకే అంకెకు పది కారణాలుండవచ్చు. ఒకే జబ్బు ఇద్దరిలో రెండు రకాల అంకెలూ ఇవ్వవచ్చు. స్వరతంత్రి అంచున ఉన్న చిన్న కాయ గొంతును బాగా చెడగొడితే, అంచుకు దూరంగా ఉన్న పెద్ద గడ్డ దాదాపు ఏమీ చేయకపోవచ్చు. కొలతలు మామూలుగా ఉన్నాయి గనుక స్వరపేటికలో క్యాన్సర్ లేదనుకోవడం ప్రమాదకరం. అమెరికా చెవి–ముక్కు–గొంతు వైద్యుల సంఘం 2009 మార్గదర్శకాల్లో తగ్గని బొంగురుతనానికి ఇచ్చిన మూడు నెలల గడువును 2018లో నాలుగు వారాలకు కుదించింది. ఆ లోగా తగ్గకపోతే స్వరపేటికను కంటితో చూడాలి. పొగతాగేవారి లాంటి వాళ్ళలో అనుమానం బలంగా ఉంటే అంతకాలమూ ఆగకూడదు. ఈ పనిలో ఎండోస్కోపుకు ధ్వని కొలత ప్రత్యామ్నాయం కాదు.

జబ్బు పేరు అటుంచితే, రోగి పడే ఇబ్బందినైనా అంకె చెబుతుందా అంటే అదీ లేదు. 1997లో జాకబ్సన్ బృందం తయారుచేసిన స్వర వైకల్య సూచికలో 30 ప్రశ్నలుంటాయి, మొత్తం 0 నుంచి 120. ధ్వని కొలతలతో ఈ సూచికకు పొత్తు బలహీనమని పదేపదే తేలింది. అరవైమంది పిల్లల క్లాసులో రోజుకు అయిదు పీరియడ్లు చెప్పే టీచరుకు స్వల్ప దోషమే జీవనాధారానికి ఎసరు. అంతకు మూడింతలు చెడిన గొంతుతో ఒక రైతు పెద్దగా పట్టించుకోకుండా బతకగలడు.

ఇటీవల ఈ కొలతలన్నీ కృత్రిమ మేధకు ఆహారమయ్యాయి. పాత పరిమితులకు కొత్తవి తోడయ్యాయి. కే ఎలిమెట్రిక్స్ 1994లో విడుదల చేసిన మసాచుసెట్స్ నేత్ర–కర్ణ వైద్యశాల స్వర భాండారం దశాబ్దాల పాటు పరిశోధకుల ప్రధాన వనరు. అందులో ఏడు వందలకు పైగా రికార్డింగులున్నా మామూలు గొంతులు 53 మాత్రమే. మామూలు గొంతులను సెకనుకు 50,000 నమూనాలతో మూడు సెకన్ల పాటు, జబ్బు గొంతులను చాలావరకు 25,000 నమూనాలతో సెకను పాటు నమోదు చేశారు. రికార్డు చేసిన వాతావరణమూ ఒకటి కాదు. యంత్రం జబ్బును గుర్తుపట్టిందా, రికార్డింగు పద్ధతినే గుర్తుపట్టిందా అన్న సందేహం ఆ భాండారంతో సాధించిన గొప్ప ఫలితాలన్నింటినీ వెంటాడుతుంది. పార్కిన్సన్స్ గొంతుల మీద విరివిగా వాడిన మరో సమాచార సమితిలో 195 రికార్డింగులుంటే మనుషులు 31 మందే. ఒకే మనిషి గొంతు నేర్పే గుంపులోనూ పరీక్ష గుంపులోనూ పడితే యంత్రం జబ్బును కాక మనిషిని గుర్తుపట్టి నూటికి తొంభై తెచ్చుకుంటుంది.

ఇంతకీ ధ్వని కొలత ఎక్కడ పనికొస్తుంది? ఒకే రోగిని, ఒకే గదిలో, ఒకే మైకుతో, అదే ఎడంలో, అదే సాఫ్ట్‌వేరు అదే సంచికతో, దాదాపు అదే గొంతు బలంతో పలికించి చికిత్సకు ముందూ వెనకా పోల్చడంలో. అప్పుడు కూడా ఒకే రోజు మూడుసార్లు పలికిస్తే అంకె ఎంత ఊగుతుందో ముందు చూసుకోవాలి. చికిత్స తర్వాత వచ్చిన మార్పు ఆ ఊగిసలాటను మించితేనే దాన్ని మార్పుగా లెక్కించాలి. శ్రుతి, గొంతు బలం వంటి కొలతలు ఈ పనికి జిట్టర్ కన్నా ఎక్కువ నమ్మకస్తులు. స్వరతంత్రి పక్షవాతానికి శస్త్రచికిత్స అయ్యాక మూసివేత మెరుగైందా అని చూడటానికి సీపీపీతో పాటు, ఒక్క ఊపిరిలో పలికే కాలం, చెవి తీర్పు, స్ట్రోబోస్కోపీ బొమ్మ పక్కపక్కన పెట్టుకోవడం ఉత్తమం.

నివేదికలో అంకె కన్నా ముందు రాయాల్సినవి కొన్ని ఉన్నాయి: మైకు రకం, ఎడం, గది రొద, పలికించిన అచ్చు లేదా వాక్యం, గొంతు బలం, సాఫ్ట్‌వేరు సంచిక, పౌనఃపున్యం వెతికిన హద్దులు, అన్నింటికీ మించి సంకేతం ఏ రకం అన్నది. సంకేతం మొదటి రకం కాకపోతే జిట్టర్, షిమ్మర్ గళ్ళను ఖాళీగా వదిలేసి, కారణం ఒక్క ముక్కలో రాసి, స్పెక్ట్రోగ్రామ్ ముద్రను, అసలు రికార్డింగును జతచేయడమే సరైన నమోదు.